పప్పుబెల్లాల బడి

సంక్రాంతి సెలవులు అయిపోగానే బెజవాడలో బడుల వార్షికోత్సవాలు మొదలవుతాయి. తుమ్మలపల్లి కళాక్షేత్రం కానివ్వండి, బందరు రోడ్డు మీది ఏ కల్యాణమండపమైనా కానివ్వండి, సాయంత్రం ఆరయ్యేసరికి బయట స్కూటర్లూ కార్లూ, లోపల ఫోన్లు పైకెత్తి పట్టుకున్న తల్లిదండ్రులూ. వేదిక మీద అద్దె దుస్తుల్లో, అద్దె కిరీటాల్లో పిల్లలు. స్పీకర్లలో పాట మోగుతుంది, పిల్లలు దానికి అడుగులు వేస్తారు. ఈమధ్య నాటికలు కూడా ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. మాటలన్నీ ముందే ఎవరో పెద్దవాళ్ళ గొంతుతో రికార్డు చేయించేస్తారు. వేదిక మీది అల్లూరి సీతారామరాజు పెదవులు కదుపుతాడు, ఝాన్సీ లక్ష్మి కత్తి ఝళిపిస్తుంది. ఇంత కార్యక్రమంలోనూ పిల్లల సొంత గొంతు వినబడేది ప్రార్థనలోనూ, బట్టీపట్టిన ఇంగ్లీషు స్వాగత వచనంలోనూ మాత్రమే.

బడులను తప్పుపట్టి లాభం లేదు. మైకు గరగరమంటుంది, పిల్లవాడు మధ్యలో మాట మరిచిపోతాడు, వెనక వరసలో ఎవరో నవ్వుతారు. రికార్డింగు అయితే ఆ భయం లేదు. అయితే ఏ పిల్లలకోసం ఈ జాగ్రత్త అంతా పడుతున్నామో వాళ్ళకి ఏడాది పొడుగునా మూడు భాషలు నేర్పుతున్నాం. తెలుగు, ఇంగ్లీషు, హిందీ. ఆ మూడింటిలో ఒక్కటైనా నలుగురిలో నిలబడి ధైర్యంగా పలికే అవకాశం ఏడాదికి ఒక్కసారి వస్తే, దాన్ని కూడా యంత్రానికి అప్పగించేస్తున్నాం.

ఆ హాల్లో కూర్చున్న తాతయ్యలు, అమ్మమ్మల్లో చాలామందికి ఇంకో మనవడో మనవరాలో అమెరికాలో ఉంటారు. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ ఏ ఊరు తీసుకున్నా ఇది విశేషంగా చెప్పుకునే సంగతి కాకుండా పోయి చాలా కాలమైంది. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో ఆ పిల్ల బళ్ళో నేర్చిన పాట పాడి వినిపిస్తుంది. అది ఇంగ్లీషు కాదు, స్పానిష్. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఇరుగుపొరుగు భాష అదే కాబట్టి అక్కడి ఎన్నో ప్రాథమిక పాఠశాలల్లో అది నేర్పుతారు. ఒకటో తరగతి పిల్ల చేత వ్యాకరణం వల్లెవేయించరు. పాడిస్తారు, ఆడిస్తారు, చేతికి ఒక తోలుబొమ్మో గుడ్డబొమ్మో తొడిగి దానిచేత మాట్లాడిస్తారు. తాతయ్యకు ఒక్క ముక్కా అర్థం కాదు. పిల్ల మాత్రం ఏ సంకోచమూ లేకుండా పాడుతుంది. ఇదే పిల్ల వారాంతంలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడికి వెళ్ళి, ఇంచుమించు ఇదే పద్ధతిలో తెలుగు పద్యాలూ నాటికలూ నేర్చుకుంటుంది. పుట్టింటి భాషా పొరుగింటి భాషా రెండూ ఆ పిల్లకు ఆటపాటల దారినే వస్తున్నాయి. మన దగ్గర మిగిలిపోయిన పిల్లకు మాత్రం అన్ని భాషలూ నోటుపుస్తకం దారినే వస్తున్నాయి.

అమెరికాలో ఈ దారి ఊరికే పడలేదు. క్యూబా విప్లవం తర్వాత మయామీ చేరిన కుటుంబాల పిల్లల కోసం 1963లో కోరల్ వే అనే ప్రాథమిక పాఠశాలలో కొంతసేపు ఇంగ్లీషులో, కొంతసేపు స్పానిష్‌లో చదువు చెప్పడం మొదలుపెట్టారు. వచ్చిన పిల్లలకూ అక్కడి పిల్లలకూ కలిపి. ఆ దశకంలోనే శాన్ హోసే స్టేట్ కళాశాల మనస్తత్వశాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ ఇంకో సంగతి పట్టుకున్నాడు. పసిపిల్ల తల్లి భాషను ముందు చేతలతో అర్థం చేసుకుంటుంది, మాట తర్వాత వస్తుంది. ‘రా, కూర్చో, బంతి తీసుకో’ అంటే చేసి చూపిస్తుంది, ఇంకా ఒక్క మాటైనా పలకకముందే. రెండో భాషనూ అలాగే నేర్పవచ్చునని ఆయన వాదం. ఒళ్ళు కదిలితే చెవి పదునెక్కుతుంది, మాట్లాడమని బలవంతపెట్టనక్కర్లేదు. తర్వాత 1990 ప్రాంతంలో బేకర్స్‌ఫీల్డ్‌లో స్పానిష్ చెప్పే ఉపాధ్యాయుడు బ్లేన్ రే దీనికి కథను చేర్చాడు. ఆజ్ఞలతో కొంతదూరమే పోగలం, ఎవరైనా ఎంతకాలమని లేచి కూర్చుంటారు? అందుకని తరగతిలోనే నలుగురు పిల్లల్ని నటులుగా నిలబెట్టి, కథ చెబుతూ, అడుగడుగునా ప్రశ్నలు వేస్తూ, వాళ్ళ జవాబుల్ని బట్టి కథను మలుపుతిప్పే పద్ధతి అది. అన్నీ సాఫీగా సాగాయనుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో 1998లో ప్రజాభిప్రాయ సేకరణతో ద్విభాషా బోధనకు కళ్ళెం వేశారు, 2016లో మళ్ళీ ప్రజాభిప్రాయంతోనే ఆ కళ్ళెం విప్పారు. భాష ఎక్కడైనా రాజకీయమే. మన రాష్ట్రంలో మాధ్యమం మీద సాగిన వాదనలు చూసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

మన దగ్గర స్పానిష్ సంగతేమిటి? 2020 జాతీయ విద్యావిధానం విదేశీ భాషల జాబితాలో కొరియన్, జపనీస్, ఫ్రెంచి, జర్మన్‌లతో పాటు స్పానిష్‌నూ పేర్కొంది, కాకపోతే ఉన్నత పాఠశాల స్థాయిలో. చిన్న తరగతుల ఊసు అందులో లేదు. దాదాపు యాభై కోట్లమందికి మాతృభాష అది. ఇరవై దేశాల్లో అధికార భాష. విమానం ఎక్కే ఊళ్ళల్లో దాని మీద ఆశ పుట్టడం సహజం. ఆశ పుట్టగానే మనం చేసే పని కూడా తెలిసిందే. ఒక పుస్తకం, ఒక వర్క్‌బుక్, నెలకో పరీక్ష. పేరు విదేశీ భాషే, బండి మాత్రం మన పాత గాడిలోనే.

నిజానికి తెలుగు పిల్లల నాలుకకు స్పానిష్ చుట్టమే. అ, ఎ, ఇ, ఒ, ఉ అనే ఐదు అచ్చులు మనవాటికి దగ్గరగా, ఒక్కో అక్షరానికి ఒక్కో ధ్వనిగా నిలుస్తాయి. ఇంగ్లీషులోలాగా ఒకే అక్షరం నాలుగు రకాలుగా మారదు. ఇంగ్లీషు ప్రభావంతో మనం టొమాటో అంటాం. స్పానిష్‌లో అది తొమాతే, పళ్ళకు నాలుక తగిలే మన తకారమే. కుక్క పెర్రో, ‘కానీ’ అన్న మాట పెరో. ఆ ఒత్తును పట్టుకోవడానికి ఇంగ్లీషు పిల్లలు నెలల తరబడి తంటాలు పడతారు. ర, ర్ర తేడా ఉగ్గుపాలతో నేర్చిన మన పిల్లలకు అది వినగానే తెలిసిపోతుంది. మొదటి కొన్ని నెలలు పాటనూ మాటనూ తెలుగు లిపిలోనే రాసి ఇస్తే ఏం పోతుంది? లిపి తర్వాత నేర్చుకోవచ్చు. ఇలా అంటే కొందరు నవ్వుతారు. వాళ్ళు ఒకసారి బందరు నాటకాల చరిత్ర చూడాలి.

1880ల్లో ధార్వాడ నుంచి నాటక సమాజం వచ్చి కోస్తా ఊళ్ళన్నీ తిరిగి హిందీ నాటకాలు వేసింది. జనం వెర్రెత్తి చూశారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన నాటకాలు రంగమెక్కించిన కాలమూ అదే. మచిలీపట్నంలో మాత్రం ఇంకో వింత జరిగింది. దివిసీమలో పుట్టిన నాదెళ్ల పురుషోత్తమ కవి అక్కడి నేషనల్ థియేట్రికల్ సొసైటీ కోసం తానే హిందీలో నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ కావు, ముప్పైకి పైగా రాశాడంటారు. అవన్నీ తెలుగు లిపిలో రాసినవి. దేవనాగరి ఒక్క అక్షరమైనా రాని నటుడు కూడా చదివి, పలికి, పాడి ఆడడానికి వీలుగా. చాలాకాలం తర్వాత భీమసేన్ నిర్మల్ వంటి పండితులు వెతికి వెలికితీసేదాకా ఆ నాటకాల మాట హిందీ లోకానికి పెద్దగా తెలియదు. గాంధీజీ దక్షిణాదిన హిందీ ప్రచారం తలపెట్టడానికి మూడు దశాబ్దాల ముందే సముద్రపుటొడ్డున తెలుగువాళ్ళు హిందీలో ఏడ్చారు, నవ్వారు, హాస్యాలాడారు. ఎవరూ పరీక్ష పెట్టలేదు, ఎవరూ పట్టా ఇవ్వలేదు. టిక్కెట్టు కొన్నవాళ్ళు ఎంత నేర్చుకున్నారో ఎవరూ లెక్కగట్టలేదు గాని, అర్థం కాని నాటకానికి మళ్ళీ మళ్ళీ ఎవరూ రారు గదా!

తర్వాత వచ్చిన హిందీ ప్రచారం కథ వేరు. 1918లో మద్రాసులో దేవదాస్ గాంధీ మొదటి తరగతి చెప్పిన నాటి నుంచి అది ఒక ఉద్యమం. ఆ ఉద్యమానికి జీవితమంతా ధారపోసి, ఆగ్రాలో కేంద్రీయ హిందీ సంస్థాన్ పుట్టుకకు కారకుడైన మోటూరి సత్యనారాయణ మన కృష్ణా జిల్లా దొండపాడు బిడ్డ. ఆ తరం త్యాగాన్ని తక్కువ చేయలేం. కానీ దేశం కోసం మొదలైన చదువు కాలక్రమంలో మెట్ల వరస అయిపోయింది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. డెల్టాలో ప్రతి వీధిలోనూ సాయంత్రంపూట చాపల మీద కూర్చుని ఆ పరీక్షలకు చదివిన తరాలున్నాయి. వారిలో ఎంతోమంది ప్రవీణ పాసై, ఢిల్లీ స్టేషన్లో దిగి, ఆటో కుదుర్చుకోవడానికి నోరు పెగలక నిలబడిపోయినవాళ్ళే. 1987 నుంచి మూడేళ్ళపాటు ఆదివారం పొద్దుట దూరదర్శన్‌లో రామాయణమూ మహాభారతమూ వచ్చాయి. పరీక్షలు ఇవ్వలేనిది ఆ రెండూ ఇచ్చాయి. వెదురుబద్ద విల్లులు పట్టుకుని వీధిలో భీష్ముడిలా, కర్ణుడిలా గంభీరంగా హిందీ పలికిన పిల్లలు ఏ పుస్తకమూ తెరవలేదు. ఆ హిందీ సంస్కృతంతో బరువెక్కిన హిందీ అని, దానితో కూరగాయలు కొనలేమని అన్నవాళ్ళూ ఉన్నారు. నిజమే. కానీ నోరు తెరుచుకుంది. బరువు తర్వాత దించుకోవచ్చు.

నాటకంతో భాష నేర్పడానికి మనకు విదేశీ గురువుల అవసరం ఎంతుందో కూచిపూడి వైపు చూస్తే తెలుస్తుంది. విజయవాడకు అరవై కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరి సంప్రదాయంలో నర్తకుడు మూగవాడు కాడు. వాచికం అతని సొంతం. పాడుతూ, పలుకుతూ, పక్కవాడితో వాదిస్తూ ఆడాలి. ఆ ఇళ్ళల్లో పుట్టిన పిల్లవాడు మొదట ఏ ప్రహ్లాదుడి వేషమో కట్టి పద్యమూ వచనమూ పలికేవాడు. నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ పళ్ళెం అంచు మీద నిలబడేసరికి సంస్కృతం కూడా వాడి నోట్లో నలిగిపోయి ఉండేది. శబ్దమంజరి తర్వాత వచ్చినా, రాకపోయినా.

భామాకలాపం చూడండి. సత్యభామ జడ వేసి తెర దాటి వస్తుంది. తాను ఎవరో చెప్పుకుంటుంది. ఎదురుగా చెలికత్తె మాధవి నిలబడి ప్రశ్నలు వేస్తుంది. నువ్వెవరు, మీ ఊరేది, నీ మొగుడెవరు, పేరు చెప్పవేం అని. భామ సిగ్గుపడుతుంది, తప్పించుకుంటుంది, కోపగిస్తుంది, చివరికి చెబుతుంది. ప్రపంచంలో ఏ భాష తొలి పాఠం తెరిచినా ఇవే ప్రశ్నలు కదా! నీ పేరేమిటి, ఎక్కడినుంచి వచ్చావు, ఇంట్లో ఎవరెవరున్నారు. స్పానిష్ వాచకం కూడా అక్కడే మొదలవుతుంది. కాకపోతే వాచకంలో ఆ ప్రశ్నలకు ఉసురు ఉండదు. భామ పేరు చెప్పడంలో గర్వముంది, దాచడంలో సరసముంది, అందుకని ఆ ప్రశ్న అడగాలనీ ఆ జవాబు వినాలనీ అనిపిస్తుంది. పాతకాలం మేళాల్లో ఈ ప్రశ్నోత్తరాలు రోజూ ఒకేలా ఉండేవి కావు. మాధవి వేసే సూత్రధారుడు ఆ ఊరి సంగతులు కలిపి కొత్త ప్రశ్న వేసేవాడు; దానికి భామ అక్కడికక్కడే జవాబు చెప్పుకోవాలి. భాష వచ్చిందో లేదో తేల్చే పరీక్ష అంతకంటే మంచిది ఏముంది?

2016 డిసెంబరులో విజయవాడలో ఆరువేలమందికి పైగా ఒక్కచోట కూచిపూడి నాట్యం చేసి రికార్డు సాధించారు. చూడ్డానికి కన్నుల పండువ. ఆ లెక్కలో పాదాలున్నాయి. గొంతుల లెక్క ఎవరూ వేయలేదు. కూచిపూడి దేశదేశాలకు పోయేటప్పుడు వాచికాన్ని ఇంటి దగ్గరే వదిలేసి పోతోందా అన్న అనుమానం పెద్ద గురువులకే ఉంది. మాటలు రాని దేశంలో ఆడడానికి మాటలెందుకని అనుకున్నట్టున్నారు. అక్కడ పుట్టిన మన పిల్లలకు ఆ మాటలే ముందు కావాలి.

మరి పల్లెల్లో, పేటల్లో కూచిపూడి వారసత్వం లేని పిల్లల మాటేమిటి? వాళ్ళకి దసరా ఉండేది. వీధిబడుల కాలంలో నవరాత్రులు వచ్చాయంటే అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ బయల్దేరేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు అంటించిన విల్లంబులు, పూలూ బుక్కాగుండా. గుమ్మం ముందు నిలబడి దసరా పద్యాలు పాడేవారు. ఇంటాయన్ని పొగడాలి, ఇల్లాలిని మెచ్చుకోవాలి, ఆలస్యం చేస్తే మెత్తగా దెప్పాలి, అయ్యవారికి ఏమివ్వాలో, తమకు పప్పుబెల్లాలు ఎంత కావాలో అడగాలి, చివరికి దీవించి పోవాలి. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు ఒక్క తొమ్మిది రోజుల్లో ఇంతమందితో ఇన్ని రకాలుగా మాట్లాడడం నేర్చేవాడు. వెనక అయ్యవారి జీతం సంగతి ఉంది. అది ఒకరకంగా యాచనే, దాన్ని అందంగా చుట్టిపెట్టారంతే. ఆ గుంపులో ఆడపిల్లలు అరుదు, కొన్ని పేటల పిల్లలు అసలు ఉండేవారే కారు. కూచిపూడిలోనూ అంతే, కొన్ని ఇళ్ళ మగపిల్లలకే ఆ విద్య. అందుకని పాత రోజులు మళ్ళీ రావాలని కోరుకోనక్కర్లేదు. ఫీజులు వచ్చి ఆ యాచన పోయింది, మంచిదే. దానితో పాటు గుమ్మం ముందు నిలబడి మాట్లాడే చదువు కూడా పోయింది.

చిత్రమేమిటంటే స్పానిష్ లోకంలోనూ ఇలాంటి తొమ్మిది రాత్రులున్నాయి. మెక్సికోలో డిసెంబరు 16 నుంచి 24 దాకా జరిగే పోసాదాస్. మరియమ్మ, యోసేపుల వేషాలు కట్టిన పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని ఇంటి తలుపు దగ్గర నిలబడి తలదాచుకోవడానికి చోటిమ్మని పాడతారు. లోపలివాళ్ళు పాటలోనే పొమ్మంటారు. బయటివాళ్ళు మళ్ళీ బతిమాలతారు. ఒకటి రెండు గుమ్మాల దగ్గర కసురుకున్నాక ఆఖరికి ఓ ఇల్లు తెరుచుకుంటుంది. అప్పుడు మిఠాయిలు, కుండలాంటి పిన్యాతాను కర్రతో పగలగొట్టే ఆట. పాటా, నాటకమూ, ఆచారమూ అన్నీ ఒకే సాయంత్రంలో. దీని మూలాలు 16వ శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసుల దగ్గర ఉన్నాయి; స్థానికులను తమ మతంలోకి తేవడానికి వాళ్ళు నాటకాన్ని పనిముట్టుగా వాడారు. భాషతో పాటు ఇంకా ఏమేమి నేర్పుతున్నామో చూసుకోవాలన్న హెచ్చరిక అందులో ఉంది. ఏమైనా, బెజవాడ పిల్లకు పోసాదాస్ గురించి ఒక పేజీ పాఠం చెప్పడం కంటే, దసరా పద్యాల గుమ్మం దగ్గర నిలబెట్టి, అక్కడినుంచి ఆ గుమ్మానికి నడిపించడం తేలిక.

సంస్కృతి పేరుతో బడుల్లో జరిగేది చాలాసార్లు దుస్తులూ తిండీ. ఒకరోజు వెడల్పు టోపీ పెట్టి, కాగితపు మీసం అంటించి మెక్సికో దినోత్సవం అంటారు. అమెరికాలో తెలుగు సంస్కృతి కూడా లంగా ఓణీ, పులిహోరల దగ్గర ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఇరవై దేశాలు మాట్లాడే భాషకు ఒకే టోపీ ఎలా సరిపోతుంది? సంస్కృతి ఎక్కువగా ఉండేది ఎవరిని ఏమని పిలుస్తాం, ఎవరికి ఎలా కాదంటాం, అతిథి వచ్చినప్పుడు మొదటి మాట ఏమంటాం అన్నచోట. క్యూబా, ప్యూర్టోరికోల తల్లులు ముద్దొచ్చినప్పుడు కొడుకుని ‘పాపీ’ అని, కూతుర్ని ‘మామీ’ అని పిలుస్తారు. అంటే నాన్నా, అమ్మా అని. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మన పిల్లలకు ఆ ఇంటి వంటగది దాకా దారి దొరికినట్టే. ఏ టోపీ ఆ పని చేయలేదు.

వేషం కట్టడంలో ఇంకో మేలుంది. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలు ఇంట్లో వినే తెలుగు చాలావరకు ఆజ్ఞలే. తిను, పడుకో, ఫోన్ పక్కన పెట్టు. వాళ్ళు జవాబు ఇంగ్లీషులో చెబుతారు. కాబట్టి వేసవిలో గుడివాడ వచ్చి పెదతాతగారిని ‘నువ్వు ఎప్పుడొచ్చావ్?’ అంటారు. పొగరు కాదు పాపం, వాళ్ళు విన్నది అదొక్కటే. అదే పిల్లకు ఒక నాటికలో మంత్రి వేషం ఇస్తే రాజుగారిని మహాప్రభో అనాలి, భటుణ్ణి ఒరేయ్ అనాలి, పక్కింటి పిన్నిగారిని మర్యాదగా పలకరించాలి. తాను కాని మనుషుల మాటలు నోటికి రావాలి. స్పానిష్‌లోనూ నువ్వు, మీరు వేరువేరే. ఏది ఎక్కడ వాడాలన్నది దేశాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. ఆ తేడాను పట్టికగా గీసి బల్లమీద రాయవచ్చు. వచ్చే వారానికి పిల్లలు మరిచిపోతారు. అంగడివాడి వేషంలో ఉన్న శ్రీనును, మీసాలు దిద్దుకున్న కలెక్టరుగారి వేషంలో ఉన్న లక్ష్మినీ ఒకే మాటతో పిలిచి, తరగతంతా ఘొల్లున నవ్వితే ఇక జన్మలో మరిచిపోరు.

ఇదంతా చదివి ఏ ప్రభుత్వ బడి పంతులమ్మ గారైనా నిట్టూరిస్తే తప్పులేదు. ఒక్క గదిలో నలభై మంది, నలభై నిమిషాల పీరియడు, పక్క గదిలో లెక్కల మాస్టారు. ఇక ప్రైవేటు బళ్ళో అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న, దీనికి మార్కులెన్ని అని. కానీ పిల్లల సంఖ్య అన్నది అనుకున్నంత అడ్డంకి కాదు. మన భజనల్లో, కోలాటాల్లో, బుర్రకథ వంతల్లో ఉన్నదే పద్ధతి. ఒకరు అందుకుంటారు, మిగతావారు తిరిగి అంటారు. బిడియపడే పిల్ల ముందు పదిమంది గొంతుల్లో గొంతు కలుపుతుంది, ఆ మరుగున తప్పు పలికినా ఎవరికీ తెలియదు. అలవాటయ్యాక ముందుకు వస్తుంది. పంతులమ్మ గారికి పాట రాకపోయినా ఫరవాలేదు. పాట వచ్చిన పిల్ల ప్రతి తరగతిలోనూ ఒకతె ఉంటుంది. రావలసింది ఓపిక. పిల్లవాడు వేషంలో ఉన్నప్పుడు తప్పు మాట్లాడితే ఆపకూడదు, ఆట అయ్యాక చెప్పుకోవాలి. మన ఉపాధ్యాయులకు ఇది అన్నిటికంటే కష్టమైన పని. తప్పు వినబడగానే ఎర్రసిరా కలం చేతిలోకి వచ్చేస్తుంది.

రాష్ట్రంలో కొన్నేళ్ళుగా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వస్తున్నాయి. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని కూడా ఈ పని చేయవచ్చు. పాఠంలోని కాకీ నక్కా ముందు తెలుగులో పోట్లాడుకుంటాయి, తర్వాత ఇంగ్లీషులో. స్పానిష్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇది మనకు కొత్త కూడా కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన నాటి నుంచి ఎన్నో తరాల పిల్లలు దాని మైకు ముందు నిలబడి మాట్లాడారు, పాడారు. మద్రాసులో, హైదరాబాదులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల చేత చేయించింది కూడా ఇదే. స్టూడియోలో వాళ్ళకు అద్దె కిరీటాల అవసరం లేదు, ఎవరికీ కనబడరు కదా, ఉన్నదల్లా గొంతే.

పాటల మీద నమ్మకం ముదిరి ప్రమాదం కూడా కావచ్చు. స్పానిష్‌లో పది పాటలు పాడగలిగి, ‘మంచినీళ్ళు కావాలి’ అని అడగలేని పిల్లలు అమెరికాలోనూ ఉన్నారు. సంస్కృత శ్లోకాలు ధారగా చెప్పి, ఒక్క వాక్యం సొంతంగా కూర్చలేని పిల్లలు మన ఇళ్ళల్లో ఉన్నట్టే. పాట నాలుకను సాగదీస్తుంది, ధ్వనిని సరిచేస్తుంది, మాటల వరసను చెవిలో కూర్చోబెడుతుంది. అంతవరకే దాని పని. అక్కడినుంచి మాటలోకి రావాలంటే పాఠంలో లేని ప్రశ్న ఒకటి ఎవరో వేయాలి. మాధవి వేసినట్టు.

వచ్చే దసరాకు ఏ బడైనా ఈ పని తలపెట్టాలనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. ఒక తలుపు, ఒక తరగతి చాలు. సగం మంది తలుపు లోపల ఉంటారు, సగం మంది బయట. తెలుగైతే పప్పుబెల్లాలు అడగాలి, ఇంగ్లీషైతే ఇంకేదైనా, స్పానిష్ వచ్చిన చోట తలదాచుకోవడానికి చోటడగాలి. పాట అందరికీ ముందే నేర్పవచ్చు. లోపలివాళ్ళు వేయబోయే ప్రశ్నలు మాత్రం బయటివాళ్ళకు ముందుగా చెప్పకూడదు. మైకు అక్కర్లేదు, రికార్డింగు అసలే వద్దు.